బడికి సెలవు కావచ్చును, పొయ్యికి సెలవు కారాదు

2022వ సంవత్సరము జూలై నెలలో గోదావరి పొంగిన సంగతి మీలో ఎవరును మరచియుండరు. 13వ తేదీన కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులకు మించి వరద వచ్చినది. 14వ తేదీన కన్నెపల్లి, అన్నారం పంపు గృహములు నీట మునిగినవి. మంచిర్యాల, మంథని పట్టణములలో నీరు ఇండ్లలోనికి చొరబడినది. 16వ తేదీన భద్రాచలం వద్ద నీటిమట్టము 71.3 అడుగులకు చేరినది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత మరల అంతటి నీటిని ఈ నది చూచుట అదియే.

ఆ వారములో, అనగా జూలై 11 నుండి 16 వరకు, ప్రభుత్వము రాష్ట్రమంతట బడులకు సెలవు ప్రకటించినది. పిల్లల ప్రాణముల దృష్ట్యా అది సరియైన నిర్ణయమే. కాని బడి మూతపడిన దినమున బడిలోని పొయ్యి కూడ మూతపడునని మనము గమనించితిమా? సరిగా అదే దినమున ఇంటిలోని పొయ్యి తడిసియున్నది. కూలికి పోవుటకు పొలము లేదు. అప్పుతెచ్చుటకు అంగడి లేదు. పిల్లవానికి మధ్యాహ్నపు అన్నము ఎన్నడును లేనంత అవసరమైన వేళనే అది లేకుండ పోవుచున్నది. ఈ విషయమై మీతో నాలుగు మాటలు చెప్పవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

నా పట్టికలో లేని గడి

వరద తీసిన పిమ్మట పంట నష్టము లెక్కలు వ్రాయుటకు నేను నదీతీర గ్రామములలో తిరిగినాను. ప్రత్తి మొక్కలు నెల దాటకముందే కుళ్ళిపోయినవి. వరి నారుమళ్ళ మీద ఇసుక మేటలు వేసినవి. ఒక ఊరిలో బడి వసారాలో తలదాచుకొన్న కుటుంబములు ఇంకను అక్కడనే యున్నవి. ఎనిమిదేండ్ల పిల్లవాడొకడు తెల్లన్నములో ఉప్పు, కారము కలుపుకొని తినుచుండెను. వాని తల్లి నన్ను చూచి, "బియ్యమచ్చినయి సారూ, కూరకే ఏం లేదు. పది దినాలాయె పిల్లలు పప్పు మొకం చూడక," అన్నది. నేను ఏమియు బదులు చెప్పలేకపోతిని. నా చేతిలోని పట్టికలో ప్రత్తి ఎకరములకు గడి యున్నది, వరి ఎకరములకు గడి యున్నది. పిల్లవాని పళ్ళెమునకు గడి లేదు. నేనును అడుగలేదు. ఆ తప్పు నాదే. ఆ తల్లి మాట నాటినుండి నన్ను వదలలేదు.

ఆమె చెప్పినదానిలో మిక్కిలి సత్యము కలదు. ఆపద వచ్చినప్పుడు బియ్యము ఎట్లో వచ్చును. ప్రభుత్వము పంపును, దాతలు పంచుదురు. రానిది పప్పు, కూర, నూనె, ఎండిన వంటచెరకు. ఎదిగే బిడ్డ కండకు, రక్తమునకు కావలసినవి ఇవే. వరద తరువాత నీరు కలుషితమై విరేచనములు తగులుకొనును. విరేచనములతో చిక్కిన బిడ్డకు వట్టి అన్నము చాలదు. చిక్కిన బిడ్డకు మరల జబ్బు చేయును. ఇది ఒక గానుగ వంటిది. అయిదేండ్ల లోపు బిడ్డ జబ్బ చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లకు తగ్గినచో వెంటనే అంగన్‌వాడీ కార్యకర్తకు చూపవలెను. 11.5 కంటె తగ్గినచో ఆసుపత్రికి తీసుకొనిపోవుటలో ఒక పూట కూడ ఆలస్యము చేయరాదు.

వరద లేని ఏడు కూడ మన స్థితి గొప్పగా లేదు. 2019-20లో మన రాష్ట్రమున జరిపిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము అయిదేండ్ల లోపు పిల్లలలో 100కి 33 మంది వయసుకు తగిన ఎత్తు లేరు. 100కి సుమారు 22 మంది ఎత్తుకు తగిన బరువు లేరు. ఇట్టి పిల్లల మీద వరద వచ్చి పడిన ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

గని నేర్పిన పాఠము

రామగుండం, గోదావరిఖని ప్రాంతపు వారికి ఆపద క్రొత్త కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌.ఇ.పి. గనిలోనికి నీరు విరుచుకొనిపడి 17 మంది కార్మికులు ప్రాణములు కోల్పోయినారు. మీలో పెక్కుమంది ఇండ్లలో గనికి పోయిన అన్నయో, తమ్ముడో, కుమారుడో కలడు. వారినడిగి చూడుడు. ప్రమాదము జరిగిన తరువాత రక్షక దళమును కూడగట్టుటకు ఎవరైన పూనుకొందురా? దళము ముందే యుండును. దాని పనిముట్లు ముందే తుడిచి పెట్టియుండును. ఏ ప్రమాదము లేని దినములలోనే అభ్యాసము జరుగును. ప్రమాదమునాడు నేర్చుకొనుటకు వ్యవధి యుండదని గని ఎరుగును.

ఊరు మాత్రము ఇంకను ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుచున్నది. భూమి క్రింద పనిచేయు పెద్దవారికి మనము చేసిన ఏర్పాటు భూమి మీద ఆడుకొను పిల్లలకు చేయలేదు. దేశమునకు బొగ్గు పంపు నేల మీద పిల్లల పొయ్యి వారము దినములు ఆరిపోవుట మనకు తగునా?

నేను కోరునది ఇది. నదీతీరమున గల ప్రతి గ్రామము, ఓపెన్‌కాస్టు గనుల ప్రక్కనున్న ప్రతి గ్రామము, మెరక మీద ఒక్క ఎకరము బడి పేర కలసి సాగు చేయవలెను. ఆ పంట మీద మొదటి హక్కు పిల్లల కుండకు ఉండవలెను. ఆపద వచ్చినచో రెండు నెలల వరకు బడి తెరచినను మూసినను ఆ కుండ దిగరాదు.

లెక్క వేసి చూతము

పిల్లల కడుపు నింపుట మాటలతో అగునది కాదు గనుక లెక్క చూతము. మధ్యాహ్న భోజన నియమముల ప్రకారము ప్రాథమిక తరగతుల బిడ్డకు దినమునకు 100 గ్రాముల బియ్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె ఈయవలెను. ఆపై తరగతుల వారికి, అనగా 6 నుండి 8 వరకు, ఇవి 150, 30, 75, 7.5 గ్రాములు. 100 మంది చిన్న పిల్లలున్న ఊరికి 60 దినములకు పప్పు 120 కిలోలు, కూరగాయలు 300 కిలోలు, నూనె 30 కిలోలు కావలెను. అంతే.

120 కిలోల పప్పు రావలెనన్న సుమారు 170 కిలోల కందులు కావలెను. వర్షాధారమున ఎకరమునకు 5 క్వింటాళ్ళు పండిన చాలుననుకొన్నను 20 గుంటలలో 250 కిలోలు వచ్చును. అనగా అరయెకరము కంది, ఓ మోస్తరు ఏడు, నూరుగురు పిల్లలకు రెండు నెలల పప్పు ఇచ్చి, విత్తనమునకు కూడ మిగులును. మిగిలిన 20 గుంటలలో 10 గుంటలు పెసర, 5 గుంటలు ఆకుకూరలు, కూరగాయలు, 5 గుంటలు గుమ్మడి, గట్ల మీద మునగ వేసికొనవచ్చును. నూనె మాత్రము మిగిలిన పెసలు అమ్మి కొనవలెను.

ఇందులో రైతు బుద్ధి ఉపయోగించవలసిన చోటు ఒకటి కలదు. మన వరద జూలై, ఆగస్టులలో వచ్చును. అది విత్తు కాలము. నిలువ పంట ఇంకను చిన్నది. గాదె అడుగంటియుండును. కావున ఈ ఏటి పంట ఈ ఏటి వరదకు పనికిరాదు. డిసెంబరు, జనవరిలో కోసిన కందులే వచ్చే జూలైకి కావలెను. కందులను బాగుగ ఎండబెట్టి, పప్పుగా విసరి, గాలి చొరని సంచులలో నిలువ చేసినచో పుచ్చు పురుగు బాధ తగ్గును. ఆ సంచులను 2022 నీటి గుర్తుకు పైన, ఎత్తైన కట్టడములో ఉంచవలెను. ఆపద రాని ఏడు పాత పప్పును బడి కుండలో వండి, క్రొత్త పప్పును దాని స్థానమున పెట్టవలెను. నిలువ ఎన్నడును పాతబడరాదు, ఎన్నడును ఖాళీ కారాదు.

కూరల సంగతి కూడ అట్టిదే. వరద తీసిన మరునాడు తోటకూర, పాలకూర చల్లినను మొదటి కోతకు 25, 30 దినములు పట్టును. ఆ నెల గడచుటకు వేసవిలో కోసి అటక మీద పెట్టిన గుమ్మడికాయలు, మన అమ్మలు ఎండబెట్టు ఒరుగులు, చింతపండు, మెరక మీది మునగాకు ఉండవలెను. ఒరుగులు మన తాతల నాటి ఆపద్ధర్మ నిలువ. అంగడి దగ్గరైన కొలది మనము వానిని మరచినాము. తోటకూర, పాలకూర, గోంగూర, బొబ్బర విత్తనములు తడి తగులని డబ్బాలో ముందుగనే ఉంచుకొనుడు. గ్రామ పంచాయతీ నర్సరీలో వంగ, టమాట నారు కూడ పోయవచ్చును.

కంది రెండు మూడు దినములు నీట నిలిచిన బ్రతుకదు. కాబట్టి మెరక నేల, నీరు పోవు కాలువలు ముఖ్యము. పంట పోయినను నిరాశ పడవలదు. సెప్టెంబరులో సాళ్ళ దూరము, మొక్కల దూరము తగ్గించి మరల కంది విత్తవచ్చును. ఇంకొక హెచ్చరిక. బొగ్గు లారీలు తిరుగు బాట ప్రక్కన ఆకుకూరలు వేయరాదు. ఆకు మీద పడు దుమ్మును ఎంత కడిగినను పూర్తిగ పోదు. గని నుండి తోడు నీటిని కూరలకు పారించుటకు ముందు ఒకసారి పరీక్ష చేయించుడు.

ఉమ్మడి మడి, ఉమ్మడి భయము

ఈ మాట చెప్పగానే ఒక పెద్దమనిషి నాతో, "ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చినట్టయితది సారూ," అన్నాడు. ఆయన భయము పనికిమాలినది కాదు. 1959లో నాగపూర్ కాంగ్రెసు మహాసభ సహకార సమష్టి వ్యవసాయమును తీర్మానించినప్పుడు దానిని గట్టిగ ఎదిరించినవారిలో మన తెలుగు రైతు నాయకుడు ఆచార్య ఎన్‌.జి. రంగా ముఖ్యుడు. ఆ సంవత్సరమే ఆయన స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడైనాడు. తన చెలకను, తన గట్టును రైతు ఎంతగా ప్రేమించునో ఆయన ఎరుగును.

కాని నేను మీ చెలకను అడుగుట లేదు. ఊరి మొత్తములో ఒక్క ఎకరము అడుగుచున్నాను. అది పంచాయతీ భూమి కావచ్చును, కౌలుకు తీసికొన్నది కావచ్చును, ఒక దాత రెండేండ్లకు విడిచినది కావచ్చును. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి గారు వినోబాజీకి 100 ఎకరములు దానమిచ్చిన నేల ఇది. ఒక్క ఎకరమునకు ఊరంతయు వెనుకాడదని నా నమ్మకము.

కలసి సాగు చేసి ఆకలి తీర్చుకొన్నవారు కూడ మన రాష్ట్రమున కలరు. జహీరాబాదు ప్రాంతమున డెక్కన్ డెవలప్‌మెంటు సొసైటీ సంఘముల స్త్రీలు, అధికులు దళిత కుటుంబములవారు, బీళ్ళను సాగులోనికి తెచ్చినారు. కలసి కౌలుకు దున్నినారు. పండిన జొన్నలను ఊరి గాదెలో పోసి, ఊరిలో ఎవరు ఎంత పేదవారో తామే నిర్ణయించి, వారికి చౌకగ కొలిచినారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము వారు ఆ సంస్థకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చినారు. వారి గొడ్డు పుచ్చి చావలేదు. ఏలనన, వారి వద్ద కొలత యున్నది, లెక్క యున్నది, అందరి ఎదుట చెప్పు అలవాటు యున్నది.

శ్రమ విషయమున ఒక మాట. మన జిల్లాలలో "వెట్టి" అను మాట పెద్దవారి మనసులలో ఇంకను మానని పుండు. రెక్కాడితే గాని డొక్కాడని వారిని ఊరి సేవ పేర ఊరక పిలువరాదు. భూమి గలవారు నాగలి, ట్రాక్టరు, విత్తనము ఈయవలెను. కూలి చేయువారికి కూలి ఈయవలెను. బడి పిల్లలు విత్తు మొలకెత్తుట చూడవచ్చును, నేర్చుకొనవచ్చును. చదువు మానిపించి కలుపు తీయించుట మాత్రము తగదు. వారి కొరకు చేయు పని వారి చేత చేయించరాదు.

ఇది ప్రభుత్వపు పని కాదా?

అవును, ప్రభుత్వపు పనియే. దానిని తగ్గించుట నా ఉద్దేశము కాదు. 1920లో మద్రాసు నగరపాలక సంస్థ అధ్యక్షుడుగా నుండిన తెలుగు బిడ్డ పిట్టి త్యాగరాయ శెట్టి గారు థౌజండ్ లైట్స్ బడిలో మధ్యాహ్నపు ఫలహారము పెట్టించినారు. 1952లో రాయలసీమ కరువున గంజి కేంద్రములు వెలసినవి. 2001 నవంబరు 28న సుప్రీం కోర్టు బడి పిల్లలకు వండిన భోజనమే పెట్టవలెనని ఆదేశించినది. 2004 ఏప్రిల్ 20న కరువు ప్రాంతములలో వేసవి సెలవులలో కూడ పెట్టవలెననియు, వంట పనులలో దళితులకు ప్రాధాన్యము ఈయవలెననియు చెప్పినది. 2013 ఆహార భద్రత చట్టము దీనిని పిల్లల హక్కు చేసినది. 2015 నియమముల ప్రకారము బడి దినమున భోజనము పెట్టలేకపోయినచో ఆ ధాన్యమును, వంట ఖర్చును భత్యముగ ఈయవలెను. 2020 మార్చిలో కరోనా వలన బడులు మూతపడినప్పుడు, పిల్లల భోజనము సంగతి ఏమి చేసినారని సుప్రీం కోర్టు తానుగా రాష్ట్రములను అడిగినది.

ఇన్ని చెప్పుటకు కారణము ఒకటే. అడుగుట మీ హక్కు. కాని హక్కు వచ్చి పళ్ళెములో పడుటకు కాగితము కదలవలెను, లారీ రావలెను, బాట ఆరవలెను. ఆ రెండు మూడు వారములు బిడ్డ ఆగడు. ఊరి ఎకరము ప్రభుత్వమునకు బదులు కాదు. ప్రభుత్వము వచ్చువరకు బిడ్డను నిలుపు ఊతకర్ర. దూరదేశమైన బ్రెజిల్‌లో 2009లో చేసిన చట్టము, బడి భోజనపు జాతీయ నిధులలో కనీసము 30 శాతము చిన్న రైతుల పంట కొనుటకు వినియోగించవలెనని విధించినది. బడి కుండకును ఊరి పొలమునకును సంబంధము కలుపుట వింత ఆలోచన కాదని దీనివలన తెలియుచున్నది.

గ్రామాధికారులకు మనవి

పంచాయతీ కార్యదర్శులు, సర్పంచులు, ప్రధానోపాధ్యాయులు, గ్రామైక్య సంఘముల సోదరీమణులు ఈ క్రింది పనులు వానకాలము రాకముందే చేయవలెనని నా కోరిక.

1. రైతు వేదికలోనో, బడిలోనో సభ జరిపి ఎకరమును నిర్ణయించుడు. తీర్మానము వ్రాయుడు.

2. పంట కొలత ప్రధానోపాధ్యాయుడు, మహిళా సంఘము, ఇద్దరు రైతుల ఎదుట జరుగవలెను. లెక్క బడి గోడ మీద వ్రాయవలెను.

3. బడిని వరద బాధితులకు ఇచ్చినప్పుడు వంట ఎచట జరుగునో ముందే నిర్ణయించుడు. ఎత్తైన చోట రెండవ పొయ్యి, పెద్ద గిన్నెలు, ఎండిన వంటచెరకో, గ్యాసు బండో సిద్ధముగ నుండవలెను. త్రాగునీరు కాచి చల్లార్చవలెను.

4. వంట చేయు తల్లులకు ఆ దినములకు కూడ వేతనము ముట్టవలెను. అప్పు తెచ్చి పిల్లలకు వండు దుస్థితి వారికి రాకూడదు.

5. హాజరు పట్టీలో పేరు లేదని ఏ బిడ్డను త్రిప్పి పంపరాదు. కాంట్రాక్టు కార్మికుల పిల్లలు, ఒడిశా నుండి ఇటుక బట్టీలకు వచ్చిన వారి పిల్లలు, అంగన్‌వాడీ పసివారు అందరును ఆ వరుసలోనే కూర్చుండవలెను. వండినవారి కులము అడుగు నోటికి ఆ వరుసలో చోటు లేదు.

"కుండలో కూడు అట్లే ఉండవలె, బిడ్డ మాత్రము దుడ్డువలె ఉండవలె" అని లోభిని గూర్చి మన పెద్దలు ఎగతాళి చేసినారు. గింజ కదలనిదే బిడ్డ పెరుగడు. రైతు సోదరులారా, వరదను ఆపుట మన చేతిలో లేదు. ఎకరము విత్తుట మన చేతిలో నున్నది. ఈ వానకాలమున తొలకరి పడగానే మీ మీ కందులు విత్తు దినమున, బడి ఎకరమునకు కూడ ఒక గొర్రు పట్టుడు. విత్తనము ఎంపిక, సాళ్ళ దూరము, తెగుళ్ళ విషయమున మీ వ్యవసాయ విస్తరణాధికారిని పిలువుడు. ఈసారి నా పట్టికలో ఆ గడి నేనే గీసికొని వత్తును.